అడగడానికి ఒక మనిషి: పల్లె వైద్య సిబ్బంది, పిల్లల ఉపశమన చికిత్స, ఆన్‌లైన్ శిక్షణ

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాస పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే ఏ వైద్యుడికైనా కాస్త బెరుకుగానే ఉంటుంది. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. 1920ల తొలినాళ్లలో చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి పూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ పరిశోధన సాగించారు. ఆయన సోదరుల్లో ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే కృత్రిమంగా తయారుచేసింది. ఆ దారిలోనే అమినోప్టెరిన్ అనే మందు పుట్టింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో 16 మంది పిల్లలున్నారు. వారిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మన సభల్లో ఈ కథ ఇక్కడ ఆగుతుంది, చప్పట్లు మోగుతాయి. నేను ఇంకాస్త ముందుకు వెళతాను. ఆ పిల్లల్లో కనిపించిన మెరుగు తాత్కాలికం. జబ్బు తిరగబెట్టింది. ఆ మందులే తర్వాతి కాలంలో, వేరే మందులతో కలిసి, ఎందరో పిల్లలను బతికించాయి, నిజమే. కానీ ఆ మొదటి పిల్లలకు వైద్యం ఏం బాకీ ఉంది? ఫార్బర్ ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేదు. మందుతో పాటు తిండి, నొప్పి, తల్లిదండ్రుల దిగులు, ఇంటి ఖర్చు, అన్నీ ఒకే కప్పు కింద చూడాలన్నారు. సంపూర్ణ సంరక్షణ అని దాన్ని పిలిచారు. సుబ్బారావు గారి మందు నయం చేయలేకపోయిన పిల్లల గురించి మాట్లాడటం కూడా ఆయన్ను గౌరవించడమేనని నా నమ్మకం.

ఇవాళ నేను చెప్పదలచింది ఒక్కటే. పల్లెలో ఉన్న పిల్లవాడి బాధ తగ్గించడానికి కావలసిన జ్ఞానం చాలాకాలంగా ఉంది, మందూ దేశంలోనే ఉంది. అక్కడ పనిచేసే నర్సుకు, డాక్టరుకు లేనిది, పని మధ్యలో అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషి. ఆన్‌లైన్ శిక్షణ ఆ మనిషిని ఇవ్వాలి. ఇవ్వనప్పుడు ఎన్ని గంటల పాఠాలు పెట్టినా అవి వీడియోలుగానే మిగులుతాయి.

1. ఈ పిల్లలు ఎవరు?

ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్, అనగానే క్యాన్సర్, మంచం పట్టిన పెద్దాయన, చివరి పది రోజులు గుర్తొస్తాయి. పిల్లల విషయంలో ఈ బొమ్మ బొత్తిగా సరిపోదు. వైద్యులు ఈ పిల్లలను నాలుగు గుంపులుగా చూస్తారు. నయం చేసే చికిత్స ఉంది గానీ అది విఫలం కావచ్చు: క్యాన్సర్ పిల్లలు ఇందులోకి వస్తారు. చికిత్సతో ఏళ్ల తరబడి బతకగలరు గానీ జబ్బు వదలదు: హెచ్ఐవి వంటివి. మొదటి నుంచీ నయం చేసే మందే లేదు, జబ్బు మెల్లగా ముదురుతుంది: డుషెన్ కండరాల క్షీణత అలాంటిది. నాలుగోది, జబ్బు ముదరదు గానీ జరిగిన నష్టం పూడదు: తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ. వీరిలో కొందరికి పదిహేను, ఇరవై ఏళ్ల పాటు తోడు కావాలి. చికిత్స ఆపేశాక మొదలయ్యేది కాదిది. జబ్బు తెలిసిన రోజే, మిగతా చికిత్సతో పాటే మొదలు కావాలి.

మన పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంను అడిగి చూడండి. ఆమె చెప్పే పేర్లలో క్యాన్సర్ పిల్లవాడు ఒకడుంటే, మెడ నిలపలేని, మూర్ఛలు వచ్చే, మింగలేని పిల్లలు నలుగురుంటారు. ఏజెన్సీలో సికిల్ సెల్ నొప్పితో మెలికలు తిరిగే పిల్లలుంటారు. వీళ్ల పేర్లు పాలియేటివ్ కేర్ రిజిస్టరులో ఉండవు. అసలు ఆ రిజిస్టరే ఉండదు.

లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2017లో ఇచ్చిన అంచనా ప్రకారం, తీవ్రమైన ఆరోగ్య సంబంధ బాధతో ప్రపంచంలో ఏటా దాదాపు 25 లక్షల మంది పిల్లలు చనిపోతున్నారు. వారిలో 98 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల పిల్లలు. పిల్లల హాస్పిస్ (ఉపశమన చికిత్సా గృహం) మొదట 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో హెలెన్ హౌస్ పేరుతో తెరుచుకుంది. నలభై ఏళ్లు దాటినా సేవ ఎక్కువగా ఒకవైపు, పిల్లలు ఎక్కువగా ఇంకోవైపు ఉండిపోయారు.

2. తెలిసింది ఎందుకు చేరలేదు?

పసిపిల్లలకు నొప్పి సరిగా తెలియదని 1980ల దాకా వైద్యులు నమ్మారు. నెలలు నిండని శిశువులకు తగినంత మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. భారతదేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో దీన్ని తలకిందులు చేశారు. ఆపరేషన్‌లో నొప్పి మందు కూడా ఇచ్చిన శిశువుల శరీరం తక్కువ ఒత్తిడికి లోనైందని, వాళ్లు మెరుగ్గా కోలుకున్నారని కొలిచి చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి రెండే మెట్లు చెప్పింది. తక్కువ నొప్పికి పారాసెటమాల్ లేదా ఐబుప్రొఫెన్, ఎక్కువ నొప్పికి మార్ఫిన్. మధ్యలో కొడీన్ వద్దంది. మందు పిల్లవాడు ఏడ్చినప్పుడు కాకుండా గడియారం ప్రకారం ఇవ్వాలి. వీలైనంత వరకు నోటి ద్వారా ఇవ్వాలి. ఒక్కో పిల్లవాడిని బట్టి మోతాదు సరిచేయాలి. ఇదంతా ఒక పోస్టరు మీద పడుతుంది.

మరి అడ్డం ఏమిటి? మొదటిది చట్టం. 1985 నాటి మత్తుమందుల చట్టం వచ్చాక దేశంలో మార్ఫిన్ వాడకం 97 శాతం పడిపోయింది. 1997 నాటికి దేశం మొత్తం మీద 18 కిలోలకు దిగింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వ అనుమతితోనే నల్లమందు పండిస్తున్న దేశం మనది! ఆ సరుకు పక్క జిల్లా ఆసుపత్రికి చేరాలంటే మాత్రం లైసెన్సు మీద లైసెన్సు కావలసి వచ్చేది. కేరళలో పాలియేటివ్ వైద్యుడు ఎం. ఆర్. రాజగోపాల్ వంటి వారు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే ఒక్క అనుమతి చాలు.

రెండో అడ్డం భయం. ముప్ఫై ఏళ్ల పాటు మార్ఫిన్ కనబడకపోతే, దాన్ని వాడటం తెలిసిన డాక్టర్లు ఒక తరం పాటు తయారు కాలేదన్నమాట. పిల్లవాడికి ఇస్తే ఊపిరి ఆగిపోతుందేమో, అలవాటు పడతాడేమో, పోలీసులు వస్తారేమో! బరువును బట్టి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి ఇస్తూ, పిల్లవాడిని గమనిస్తూ పెంచుకుంటూ పోతే ఊపిరికి ప్రమాదం చాలా అరుదని పుస్తకం చెబుతుంది. మొదటి రోజు నుంచే విరేచనం మందు కలపాలనీ చెబుతుంది. సర్టిఫికెట్ పరీక్షలో ఈ జవాబు అందరూ సరిగ్గానే రాస్తారు. రాత్రి పదకొండింటికి, ఇరవై కిలోలు కూడా లేని పిల్లవాడి ముందు, చేతిలో సీసా పట్టుకున్నప్పుడు ఆ జవాబు గుర్తుంటుంది గానీ చెయ్యి కదలదు. అప్పుడు ఆ డాక్టరు ఏం రాస్తాడో మీకందరికీ తెలుసు: పెద్దాసుపత్రికి రిఫర్. ఆ కాగితం పట్టుకుని తల్లిదండ్రులు కారు మాట్లాడుకుంటారు, అప్పు చేస్తారు, తెల్లవారేసరికి వార్డు వరండాలో ఉంటారు.

3. అల్బుకర్కీ నేర్పింది

ఈ భయానికి విరుగుడు నాకు అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో కనిపించింది. ఎడారి, కొండలు, దూరాలు. అక్కడ అల్బుకర్కీ నగరంలోని విశ్వవిద్యాలయంలో కాలేయ నిపుణుడు సంజీవ్ అరోరా. హెపటైటిస్ సి రోగులు ఆయన క్లినిక్‌లో చూపించుకోవాలంటే ఎనిమిది నెలలు ఆగాలి. కొందరు 250 మైళ్ల దూరం నుంచి రావాలి. 2003లో ఆయన దీన్ని తిరగేశారు. రోగులను తన దగ్గరకు రప్పించే బదులు, ఊళ్లలోని డాక్టర్లను, నర్సులను వారానికోసారి వీడియోలో కూర్చోబెట్టారు. వాళ్లు తమ రోగుల కేసులు చెబుతారు, నిపుణులు సలహా ఇస్తారు, మిగతా ఊళ్ల వాళ్లు వింటారు, తమకు తెలిసింది కలుపుతారు. చికిత్స మాత్రం ఊరి డాక్టరే చేస్తాడు. ఈ పద్ధతికి ఎకో అని పేరు.

2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీని ఫలితాలు వచ్చాయి. 407 మంది రోగులు. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందిలో వైరస్ పోయింది. జైళ్లతో సహా 21 ఎకో కేంద్రాల్లో 58.2 శాతం మందిలో పోయింది. ఊరి డాక్టరు నిపుణుడికి ఏమాత్రం తీసిపోలేదు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచింది సాంకేతికత కాదు. వీడియో అప్పటికే ఉంది. ఇక్కడ పాఠ్యాంశాన్ని నిర్ణయించేది గురువు కాదు, ఈ వారం ఊరి డాక్టరు ముందు కూర్చున్న రోగి. వచ్చే వారం మళ్లీ అదే తెర ముందు అదే మనుషులు కూర్చుంటారు, పోయినవారం చెప్పిన మందు పనిచేసిందా అని అడుగుతారు. ఆ అడగడమే డాక్టరు చేతికి ధైర్యం ఇస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ఉంది కదా, రోగినే నేరుగా నిపుణుడికి వీడియోలో చూపిస్తే సరిపోదా అని. చాలా జబ్బులకు సరిపోతుంది. కానీ 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుమందుల చట్టం కిందకొచ్చే మందులను వీడియోలో చూసి రాయకూడదు. అంటే మార్ఫిన్ చీటీ రాయాల్సింది పిల్లవాడిని ఎదురుగా చూసిన స్థానిక డాక్టరే. తెర వెనక నిపుణుడు ఆ చీటీ రాయలేడు, రాసేవాడికి నేర్పగలడు. ఈ ఒక్క నిబంధనతో పిల్లల ఉపశమన చికిత్సలో స్థానిక సిబ్బందికి శిక్షణ తప్పనిసరి అయిపోయింది.

4. హైదరాబాదులో ఏం జరిగింది?

ఈ పద్ధతి మనకు దూరంలో లేదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలట్ గారి నాయకత్వాన పాలియేటివ్ కేర్ విభాగం ఎదిగింది. కెనడాకు చెందిన టూ వరల్డ్స్ క్యాన్సర్ కొలాబరేషన్ తోడ్పాటుతో, ఆ దేశపు పిల్లల పాలియేటివ్ నిపుణురాలు మేగన్ డోహర్టీ వంటి వారు చేయి కలపడంతో, పిల్లల కోసం ప్రత్యేకంగా ఎకో తరగతులు ఇక్కడి నుంచే మొదలయ్యాయి. మన దేశంతో పాటు ఇరుగుపొరుగు దక్షిణాసియా దేశాల డాక్టర్లు, నర్సులు వాటిలో కూర్చున్నారు. తిరువనంతపురంలో పాలియమ్ ఇండియా కూడా ఇదే బాటలో ఆన్‌లైన్ శిక్షణ ఇస్తోంది. అంతర్జాతీయ పిల్లల పాలియేటివ్ కేర్ నెట్‌వర్క్ పెట్టిన ఉచిత ఆన్‌లైన్ కోర్సులున్నాయి, ఎవరి వీలును బట్టి వారు చదువుకోవచ్చు.

ఇలాంటి తరగతి ఎలా నడుస్తుందో చూడని వారి కోసం ఒక కేసు ఊహించి చెబుతాను. ఏజెన్సీలో ఒక ఉపకేంద్రం. అక్కడి ఎంఎల్‌హెచ్‌పి (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) అమ్మాయి తెర ముందుకొచ్చింది. పిల్లవాడి పేరు చెప్పదు, ఊరు చెప్పదు, అది నియమం. ఏడేళ్ల బాబు, ఎముక క్యాన్సర్, ఇంటికి పంపేశారు, నొప్పి అంటాడు, ఏం చేయమంటారు అని అడుగుతుంది.

నిపుణురాలు వెంటనే మందు పేరు చెప్పదు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు? నొప్పి సలుపుగా ఉందంటాడా, మంటగా ఉందంటాడా? దేనికి వేసే మందు దానిదే. విరేచనమై ఎన్నాళ్లయింది? కడుపు ఉబ్బి ఏడుస్తున్నాడేమో చూశారా? ముఖాల బొమ్మలు చూపించి ఏ ముఖం తనదో అడిగారా? బరువు తూచారా? పారాసెటమాల్ ఎంత ఇస్తున్నారు? కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన చూస్తే సగం మోతాదే పడుతోందని అప్పుడు తేలుతుంది. తర్వాత పీహెచ్‌సీ డాక్టరు మార్ఫిన్ గురించి అడుగుతాడు. ఎంతతో మొదలు, ఎప్పుడు పెంచాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి, అన్నీ ఒక్కొక్కటిగా రాసుకుంటాడు. వేరే జిల్లా నుంచి ఒక స్టాఫ్ నర్సు, చేదుకు పిల్లవాడు ఉమ్మేస్తుంటే తాను ఏం చేసిందో చెబుతుంది. ఆమె సలహా ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

చివరికి ఆ అమ్మాయి, అప్పటిదాకా గొంతులో ఉంచుకున్నది అడుగుతుంది: "మేడమ్, నేను చనిపోతానా అక్కా అని బాబు నన్ను అడిగాడు. ఏం చెప్పాలి?" వాళ్ల అమ్మానాన్నలేమో చెప్పొద్దన్నారు. ఇక్కడ మందుల లెక్క పనిచేయదు. పిల్లవాడికి ఇప్పటికే ఏం తెలుసో ముందు అడగాలని, ఎందుకు అడుగుతున్నావు నాన్నా అని మెల్లగా కదపాలని, తల్లిదండ్రులతో విడిగా కూర్చోవాలని, అబద్ధం చెప్పకుండానే అడిగినంత వరకే చెప్పవచ్చని అనుభవమున్నవాళ్లు చెబుతారు. అంతకన్నా ముఖ్యం, ఇలాంటి ప్రశ్న తన ఒక్కదానికే ఎదురుకాలేదని ఆమెకు తెలుస్తుంది.

మరో వారం క్యాన్సర్ కాకుండా సెరిబ్రల్ పాల్సీ బిడ్డ కేసు వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని, అందుకే నెలకోసారి న్యుమోనియా వస్తోందని, ఒళ్లో కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, చిక్కటి జావ చిన్న చెంచాతో పెట్టాలని నేర్పడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఒక బిడ్డకు ఎన్ని ఆసుపత్రి ప్రయాణాలు తప్పిస్తుందో ఆలోచించండి.

5. తెర చేయలేనివి

సభాధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అందుకే ఈ భాగం క్లుప్తంగా, కానీ నిర్మొహమాటంగా చెబుతాను.

చేతిపని తెరలో రాదు. గొట్టం వేయడం, పుండు కట్టడం, గట్టిపడిన కాళ్లను సాగదీయడం పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి. అందుకని ఆన్‌లైన్ తరగతుల మధ్య కొన్నాళ్లు పాలియేటివ్ వార్డులో పని తప్పదు. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, ఇళ్లకు వెళ్లే బండ్లు పెట్టడం మంచి మొదలు. ఆ కేంద్రాలే పిల్లల శిక్షణకు చేతిపని బడులు కావాలి.

శిక్షణ మందును పుట్టించదు. మార్ఫిన్ మోతాదు నేర్చుకుని వెళ్లిన డాక్టరు ఆసుపత్రికి గుర్తింపు అనుమతే లేకపోతే, ఆ చదువు మనసు విరిచే చదువు అవుతుంది. మందు లేని చోట మందు పాఠం చెప్పడం క్రూరత్వం. అందుకే అనుమతి దరఖాస్తు, నిల్వ రిజిస్టరు ఎలా రాయాలన్నది కూడా తరగతిలో నేర్పాలి.

భాష సంగతి. చాలా తరగతులు ఇంగ్లీషులో జరుగుతాయి, దేశదేశాల వాళ్లు కూర్చుంటారు కాబట్టి. డాక్టరుకు ఇబ్బంది లేదు. ఏఎన్ఎం మాత్రం కెమెరా కట్టేసి వింటుంది, ప్రశ్న అడగదు. అడగని మనిషికి ఈ పద్ధతిలో ఏమీ దక్కదు. తెలుగులో విడిగా తరగతులు పెట్టాలి. కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్లలో ఆశా కార్యకర్తలే మాట కలపాలి కాబట్టి వాళ్లనూ కూర్చోబెట్టాలి.

సమయం సంగతి. టీకాల రోజు, సర్వే రోజు, రివ్యూ మీటింగు రోజు పోను మిగిలిన సాయంత్రం ఇంటి దగ్గర అన్నం వండుకుంటూ ఫోనులో క్లాసు వినమంటే అది శిక్షణ కాదు, ఇంకో బరువు. డ్యూటీ గంటల్లోనే, ఆఫీసు ఉత్తర్వుతో, సిగ్నలు అందే పీహెచ్‌సీలో కూర్చోబెట్టాలి.

6. అయితే ఏం చేద్దాం?

పై ఐదు మెట్లూ ఎక్కితే చివరి మెట్టు దానంతట అదే కనిపిస్తుంది. మనకు కావలసింది ఇంకో వీడియోల భాండాగారం కాదు. మూడు పనులు చేయాలి, మూడూ ఒకేసారి చేయాలి.

మొదటిది, ప్రతి జిల్లాకు ఒక ఎకో బృందం. ఒక పిల్లల డాక్టరు, పాలియేటివ్ కేర్‌లో అనుభవమున్న ఒక నర్సు, ఒక కౌన్సెలర్ చాలు. వారానికి ఒక గంట తెలుగులో కూర్చుంటారు. ఆ బృందానికి అనుమానం వస్తే అడగడానికి పైన హైదరాబాదు వంటి పెద్ద కేంద్రం ఉంటుంది. తరగతి లేని రోజుల్లో పిలిస్తే పలికే ఒక ఫోను నంబరు ఉండాలి. నొప్పి వచ్చే వారం తరగతి దాకా ఆగదు.

రెండోది, ఆ జిల్లాలో కనీసం ఒక్క ఆసుపత్రికైనా మార్ఫిన్ గుర్తింపు, పిల్లలకు నోటితో ఇవ్వగల రూపంలో మందు నిల్వ. ఇది లేకుండా ఎకో మొదలుపెట్టవద్దు.

మూడోది, కొలత మార్చాలి. ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎన్ని సర్టిఫికెట్లు పంచాం అన్నవి తేలికగా లెక్కకొస్తాయి, అందుకే నివేదికల నిండా అవే ఉంటాయి. వాటి బదులు మూడు అడుగుదాం. ఈ నెల పల్లెల నుంచి ఎన్ని కేసులు వచ్చాయి? కేసు చెప్పిన వాళ్లలో ఎందరు మళ్లీ వచ్చి ఫలితం చెప్పారు? రిఫర్ చేయకుండా ఇంటి దగ్గరే నొప్పి తగ్గించగలిగిన పిల్లలు ఎందరు? ఈ మూడింటికీ జవాబు సున్నా అయిన చోట, పరీక్షలో నూటికి నూరు వచ్చినా శిక్షణ జరగనట్టే.

ఖర్చు ఎంతవుతుందని సభ తర్వాత తప్పకుండా అడుగుతారు, ఇప్పుడే చెబుతాను. కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. ఉన్న డాక్టర్ల, నర్సుల డ్యూటీలో వారానికి ఒక గంట, ఒక ఇంటర్నెట్ కనెక్షను, ఒక ఔషధ అనుమతి దరఖాస్తు. ఈ మూడూ జిల్లా అధికారి సంతకంతో కదిలేవే. అలాంటి సంతకం పెట్టగలవాళ్లు ఈ సభలో నలుగురైదుగురు ఉన్నారని నాకు తెలుసు. నా మాటలు వాళ్లకోసమే ఇంత పొడుగయ్యాయి.